డెబ్బై నాలుగు వేళ్లు, ఆరు యవలు

మొన్న మా ఇంటికి వంటింటి అరలు చేసే ఆయన వచ్చాడు. జేబులోంచి సబ్బుబిళ్లంత పెట్టె తీసి గోడకేసి నొక్కాడు. ఎర్రచుక్క ఒకటి వెళ్లి అవతలి గోడను ముట్టుకుంది. "పది అడుగుల నాలుగంగుళాలండీ" అన్నాడు, నేను నోట్లో కాఫీ మింగేలోపు.

"ఎవరి అంగుళాలు?" అని అడిగాను.

ఆయన ముందు పెట్టెను తిప్పి చూసుకున్నాడు, తర్వాత నన్ను చూశాడు. "అంగుళం అంటే అంగుళమేనండీ. ఎవరిదేంటి?"

ఆయన తప్పేం లేదు. నా చిన్నప్పుడు అంగుళానికి ఒక యజమాని ఉండేవాడని, ఆ యజమాని ఎవరన్న దాని మీద ఒక ఊరు ఊరంతా ఆరు వారాలు తిండి సరిగా తినలేదని, చివరికి ఆ అంగుళం వచ్చి నా చేతికే తగులుకుందని ఆయనకెలా తెలుస్తుంది? దాన్ని నేనేం చేశానో ఇప్పటివరకూ ఎవరికీ తెలియదు.

మా ఊరు జగ్గయ్యపేటకీ నందిగామకీ మధ్య, హైవే దిగి లోపలికి వెళ్లాలి. పడమటి గాలి వీస్తే సిమెంటు దుమ్ము, తూర్పు గాలి వీస్తే కళ్లాల్లో ఎండే మిరపకాయల ఘాటు. మా ఊళ్లో పుట్టిన పిల్లలు ఏడవడానికంటే ముందు తుమ్మేవాళ్లు. అలా తుమ్మకపోతే మంత్రసాని కంగారుపడేది. ఊరికి ఒక శివాలయం ఉండేది. ఒక వానాకాలం అది ఎవరికీ చెప్పాపెట్టకుండా కూలిపోయింది. లింగాన్ని తాటాకు పందిరి కింద పెట్టి, కొత్త గుడి కట్టాలని పెద్దలు తీర్మానించారు.

పెద్దలంటే ఇద్దరే. ఒకరు నాన్న వాళ్ల నాన్న, ఇంకొకరు అమ్మ వాళ్ల నాన్న. ఒకే ఊళ్లో వియ్యమందితే ఏమవుతుందో తెలుసుకోవాలంటే మా ఇంటికి రావలసిందే. నేను వాళ్లని నాన్న తాత, అమ్మ తాత అనేదాన్ని. నాన్న తాత దూలం లాంటి మనిషి. వేళ్లు మునక్కాడలు. ఆయన చెయ్యెత్తి నమస్కారం పెడితే అవతలివాడు తల వంచుకునేవాడు, తగులుతుందేమోనని. అమ్మ తాత గుండ్రంగా ఉండేవాడు. వేళ్లు పకోడీలు. గుడికి స్థలం నాన్న తాతది. జగ్గయ్యపేట దగ్గర క్వారీ ఉంది కాబట్టి రాయి అమ్మ తాతది. ఇద్దరూ ఒకరినొకరు "బావగారూ" అని పిలుచుకునేవారు. మామూలు మనుషులు బూతులు వాడే చోట వీళ్లు ఆ మాట వాడేవారు.

గుడి కట్టడానికి కృష్ణ అవతలి నుంచి ఒక స్థపతిని పిలిపించారు. ఆయన బస్సు దిగినప్పుడు చేతిలో ఒక గుడ్డ మూట, అందులో నూలుదారం ఉండ, ఒక సీసపు గుండు, ఒక ఉలి. మనిషి ఎంత బక్కగా ఉన్నాడంటే, మా కుక్క మొరగడానికి లేచి, ఎక్కడున్నాడో కనపడక మళ్లీ పడుకుంది. మా వసారాలో బస. మొదటి రోజు నాయనమ్మ వడ్డించిన దోసావకాయ నాలిక మీద పెట్టుకుని కళ్లు మూసుకున్నాడు.

"ఆవపిండికి కారం ఎంత పాలమ్మా?" అన్నాడు.

"చేతికొచ్చినంత నాయనా."

"ఎవరి చేతికి?"

నాయనమ్మ ఆ రోజు నుంచి ఆయనకు రెండు ముక్కలు ఎక్కువ వేసేది.

మర్నాడు పెద్దలంతా వసారాలో కూర్చున్నారు. స్థపతి గారు చెప్పారు: "గుడి కంటే ముందు కొలత పుట్టాలండీ. కట్టించే యజమాని కుడిచేతి నడిమి వేలు, దాని మధ్య కణుపు. అదే ఈ గుడికి అంగుళం. అలాంటివి ఇరవైనాలుగు కలిస్తే కొలకర్ర. ఆ కర్రే గుడికి తల్లి. నా చేతుల మీద ఇదే ఆఖరి గుడి. పీఠం నుంచి కలశం దాకా ఒక్క కర్రతో కట్టి పోవాలని నా కోరిక. యజమాని ఎవరో చెయ్యి చాపండి."

రెండు చేతులు ఒక్కసారే చాపుకున్నాయి.

"స్థలం నాది కదండీ బావగారూ" అన్నాడు నాన్న తాత.

"మీదేనండీ బావగారూ. ఉత్త స్థలాన్ని గుడి అంటారా? రాయి నాది."

"రాయి మీదే. ఆకాశంలో పేర్చుకోండి."

ఆరు వారాలు నడిచింది. మా అమ్మ నాన్నతో మాట్లాడటం మానేసి నా ద్వారా కబుర్లు పంపేది. "మీ నాన్నకి అన్నం పెట్టానని చెప్పు" అనేది, నాన్న ఎదురుగా కూర్చుని ఉండగానే. మా తరగతిలో పిల్లలు పొడుగు వేళ్లు, పొట్టి వేళ్లు అని రెండు జట్లుగా విడిపోయారు. స్కూలు మాస్టారు మధ్యేమార్గంగా, రెండు వేళ్లూ కలిపి సగం చెయ్యమన్నారు. స్థపతి గారు తల అడ్డంగా ఊపారు. "అది ఎవరి వేలూ కాదండీ మాస్టారూ. ఎవరిదీ కాని కొలతలో దేవుడెందుకు కూర్చుంటాడు?"

చివరికి నాయనమ్మే తేల్చింది. మజ్జిగ గిన్నెలు తీస్తూ, "ఇద్దరి రక్తం ఉన్న వేలు ఒకటుంది కదా. అదిగో, పచ్చడి జాడీలో పెట్టుకుని ఉంది" అంది.

అందరూ నా వైపు తిరిగారు. నా నడిమి వేలు నిజంగానే జాడీలో ఉంది.

"కడుక్కు రావే" అంది అమ్మ. ఆరు వారాల్లో ఆమె నవ్వడం అదే మొదలు.

నాకు పదకొండేళ్లు. స్థపతి గారు నా వేలి మీద గడ్డిపోచ పెట్టి, కణుపు నుంచి కణుపుకి గోరుతో తుంచారు. ఆ పోచతో ఇరవైనాలుగు సార్లు కొలిచి సండ్రకర్ర కోశారు. దానికి పసుపు రాసి, బొట్టు పెట్టి, కొబ్బరికాయ కొట్టారు. నేను ఆ రోజు నుంచి ఆ వేలితో ముక్కు గోక్కోవడం మానేశాను. ఇంతటి త్యాగం మా వంశంలో ఎవరూ చెయ్యలేదు.

తర్వాత కళ్లంలో గుడి బొమ్మ గీశారు. మిరపకాయలు ఒక పక్కకి నెట్టి, మట్టి చదును చేసి, మధ్యలో మేకు పాతి, దారంతో చుట్టూ గీత గీశారు. పొద్దున మేకు నీడ ఆ గీతను ఎక్కడ తాకిందో అక్కడ ఒక గుర్తు, సాయంత్రం మళ్లీ తాకిన చోట ఇంకో గుర్తు. రెండూ కలిపితే తూర్పు పడమర.

"తూర్పు ఎటో నన్నడిగితే చెప్పేవాడిని కదయ్యా" అన్నాడు నాన్న తాత. "అరవై ఏళ్లుగా అటే చూసి పళ్లు తోముకుంటున్నా."

"మీరు చెప్పేది ఊరి తూర్పండీ. ఇది సూర్యుడి తూర్పు. మధ్యలో బెత్తెడు తేడా ఉంది."

అరవై ఏళ్లు బెత్తెడు పక్కకి చూస్తూ పళ్లు తోముకున్నానని తెలిసి నాన్న తాత రెండు రోజులు దిగులుపడ్డాడు.

ఆ రెండు గుర్తుల నుంచి దారం తిప్పితే రెండు గీతలు ఒకదాన్నొకటి కోసుకుని చేప ఆకారం వచ్చేది. చేప తల నుంచి తోకకి గీస్తే ఉత్తరం దక్షిణం. మూలమట్టం లేదు, టేపు లేదు. ఘాటుకి కళ్లలో నీళ్లు కారుతూ, తుమ్ముల మధ్య, ఒక దారం ముక్కతో ఆయన మట్టిలోంచి చతురస్రాన్ని లాగారు. నేను చాలా గారడీలు చూశాను. అంతటిది చూడలేదు.

ఇక లెక్క. గోడ చుట్టుకొలతని మూడుతో హెచ్చవేసి ఎనిమిదితో భాగించాలి. ఒకటి మిగిలితే జెండా. రెండు పొగ, మూడు సింహం, నాలుగు కుక్క, అయిదు ఎద్దు, ఆరు గాడిద, ఏడు ఏనుగు. ఏమీ మిగలకపోతే కాకి. దేవుడికి జెండా కావాలి. ఈ విద్య నాకు చెప్పడం ఆయన చేసిన పొరపాటు. గడ్డిపోచ పట్టుకుని నేను ఊరంతా కొలిచేశాను. మాస్టారి బల్ల కుక్క. మునసబు గారి అరుగు పొగ. అమ్మ తాత పట్టెమంచం చుట్టూ రెండువందల తొంభై వేళ్లు. హెచ్చవేసి భాగిస్తే ఆరు మిగిలింది.

"తాతా, నువ్వు పడుకునేది గాడిద మీద" అని చెప్పాను.

"ఇది మీ నాన్న తాత నేర్పిన లెక్కా?" అన్నాడు. ఇంకో వారం మాటల్లేవు.

గర్భగుడి కొలత కోసం స్థపతి గారు మూడు రోజులు వెతికారు. వేళ్లు సరిగ్గా పూర్ణాంకాల్లో తీసుకుంటే చతురస్రానికి ఎప్పుడూ కుక్క గానీ కాకి గానీ వచ్చేది. అందుకని వేలుని ఎనిమిది యవలుగా, అంటే బార్లీ గింజంత ముక్కలుగా, విడగొట్టారు. పక్క ఒక్కింటికి డెబ్బై నాలుగు వేళ్లు, ఆరు యవలు. చుట్టూ రెండువందల తొంభై తొమ్మిది. మూడుతో హెచ్చవేస్తే ఎనిమిది వందల తొంభై ఏడు. బొగ్గుతో గోడ మీద భాగహారం నేనే చేశాను. ఒకటి మిగిలింది.

"జెండా!" అని అరిచాను. మిరపకాయలు ఎగదోసే ఆడవాళ్లు కూడా చేతులాపి చప్పట్లు కొట్టారు. వాళ్లకి ఏం మిగిలిందో తెలియదు. అయినా కొట్టారు.

వానలు పడేలోపు, సరిగ్గా ఆ కొలతకే, గోడలు నిలబడే పీఠం రాయి కూర్చుంది. నున్నగా, అంచులు తీర్చి, ఎండలో చూస్తే కత్తితో కోసిన జున్నులా ఉండేది. అంతలో శిలాఫలకం మీద ముందు ఎవరి పేరుండాలన్న ప్రశ్న వచ్చింది. దానికి రెండేళ్లు పట్టింది.

స్థపతి గారు వెళ్లిపోతూ కొలకర్రని మా పూజగదిలో రెండు మేకుల మీద పెట్టారు. "కొలత పుట్టిన ఇంట్లోనే ఉండాలమ్మా. పని మొదలైనప్పుడు వచ్చి తీసుకుంటా" అని నాయనమ్మకి అప్పగించారు. ఆమె రోజూ దానికి బొట్టు పెట్టేది.

ఇప్పుడు ఆ సంగతి చెప్పాలి.

ఆ కర్ర పొడవు మూరెడు. గట్టి సండ్ర. నూనెతో నిగనిగలాడేది. కర్రాబిళ్ల ఆడిన వాళ్లెవరైనా దాన్ని చూసి ఊరుకోలేరు. నేను రెండేళ్లు ఊరుకున్నాను, ఋషులు కూడా అంతకాలం ఊరుకోరు. ఒక మధ్యాహ్నం నాయనమ్మ కునుకు తీస్తుంటే తీసుకెళ్లాను. మొదటి దెబ్బకి బిళ్ల నాలుగిళ్లు దాటి పడింది. రెండో దెబ్బ రాయి మీద పడింది. కర్ర నిలువునా చీలింది.

వేణ్ణీళ్ల పొయ్యిలో పెట్టేశాను. ఆ సాయంత్రం ఇంటిల్లిపాదీ ఒక శివాలయంతో కాచిన నీళ్లు పోసుకున్నారు.

అక్కడితో ఊరుకుంటే బాగుండేది. కర్ర పోయిందని తెలిస్తే తన్నులు తినేదాన్ని, గుడి మిగిలేది. కానీ నేను తెలివైన దాన్ని. విధానం తెలుసు కదా! పెరట్లో పడున్న సండ్రకొమ్మ తెచ్చి, గడ్డిపోచని నా వేలి మీద పెట్టి, కణుపు నుంచి కణుపుకి తుంచి, ఇరవైనాలుగు సార్లు కొలిచాను. శాస్త్రం ప్రకారం, వెంట్రుకవాసి తేడా లేకుండా. ఆముదం పట్టించి, మసి రుద్ది, పసుపు పూసి, బొట్టు మీద బొట్టు పెట్టి, మూడు రోజుల్లో దానికి రెండేళ్ల వయసు తెచ్చాను. స్థపతి గారు చూసినా మెచ్చుకుంటారనిపించింది.

ఆయన చూడలేదు. పేర్ల తగువు తెగి మళ్లీ వచ్చినప్పుడు, పూజగదిలోకి వెళ్లి, కర్రని రెండు చేతులా అందుకుని, కళ్లకద్దుకున్నారు. తల్లిని పరీక్షగా చూసేదెవరు? గుడ్డలో చుట్టి ఏరు దాటించారు. గోడరాళ్లన్నీ అక్కడే చెక్కించి పంపుతానన్నారు.

కోతల ముందు లారీ వచ్చింది. ఊరంతా పీఠం చుట్టూ చేరింది. రాళ్ల మీద స్తంభాలు, లతలు, హంసలు. అలాంటి హంసలు మా మెట్టలో అంతకు ముందు దిగలేదు. పదిమంది మోకులు కట్టి మొదటి మూలరాయి ఎక్కించారు. తర్వాత రెండోది. మూడోది పెట్టేసరికి గోడ పీఠం అంచు దాటి గాల్లోకి వచ్చేసింది. మూలలు కలవడం లేదు. ఒక పక్కకి జరిపితే ఇంకో పక్క జానెడు వేలాడుతోంది. చెక్కి తగ్గిద్దామంటే హంసల మెడలు తెగుతాయి.

స్థపతి గారు కర్ర తీసుకుని గోడరాయి కొలిచారు. డెబ్బై నాలుగు వేళ్లు, ఆరు యవలు. సరిగ్గా ఉంది. కిందికి వంగి పీఠం కొలిచారు. లేచి, మళ్లీ వంగి కొలిచారు.

"అరవై ఎనిమిదే ఉందే!" అన్నారు.

అప్పుడు నాకు అర్థమైంది. అక్కడున్న మూడువందల మందిలో నాకొక్కదానికే అర్థమైంది. రెండేళ్లలో నా వేలు పెరిగింది. వడ్లగింజ మందం, అంతే. దాన్ని డెబ్బై అయిదుతో హెచ్చవేస్తే జానెడు.

"టేపు పెట్టి కొలవండి మొర్రో అని మొదటి రోజే చెప్పా" అన్నాడు అమ్మ తాత.

"కళ్లు కనపట్లేదని ఒక్క మాట చెప్పొచ్చు కదయ్యా, ఆ వయసులో" అన్నాడు నాన్న తాత.

"బావగారు చెప్పింది నిజం."

"మీరన్నదీ నిజమేనండీ బావగారూ."

జీవితంలో మొదటిసారి వియ్యంకులిద్దరూ ఒక్క మాట మీద నిలబడ్డారు. అమ్మ తాతకి ఏదో తట్టినట్టుంది, నా చెయ్యి పట్టుకుని ముందుకు లాగాడు. "అసలు ఈ వేలు కొలవండి, తేలిపోతుంది!"

నేను పిడికిలి బిగించి ఏడ్చాను. అంత గట్టిగా జగ్గయ్యపేట సిమెంటు ఫ్యాక్టరీ సైరన్ కూడా ఏడవలేదు.

స్థపతి గారు వచ్చి అమ్మ తాత చెయ్యి విడిపించారు. "పసిదాన్ని వదిలెయ్యండీ. వేలు తప్పదు, కర్ర తప్పదు. నేనే తప్పాను. పీఠం అప్పుడే ఎక్కడో లెక్క దాటేసుంటా." నా తల నిమిరారు. నేను ఇంకా గట్టిగా ఏడ్చాను. భయపడ్డానని అందరూ అనుకున్నారు. భయమే.

సాయంత్రం బస్సుకి ఆయన వెళ్లిపోయారు. నాయనమ్మ పెరుగన్నం మూటకట్టి ఇచ్చింది. కర్రని మాత్రం ఆయన పీఠం మీదే వదిలేశారు. పదిహేను రోజుల్లో ఒక మేస్త్రీ వచ్చి, ఇటుకలతో గోడలు లేపి, పైన స్లాబు పోసి, గులాబీ రంగు వేసి వెళ్లాడు. హంసల రాళ్లు కొన్నాళ్లు బట్టలుతుక్కోవడానికి పనికొచ్చాయి. రోడ్డు వెడల్పు చేసినప్పుడు క్రషర్ వాళ్లు వచ్చి ఎత్తుకుపోయారు. ఇప్పుడు హైవే మీద వెళ్లే ప్రతి కారూ ఆ హంసల మీదుగానే వెళ్తుంది.

"లెక్క తప్పిన స్థపతి" అన్న మాట ఆయన కంటే ముందే ఏరు దాటింది. ఆ తర్వాత ఆయన్ని గుడికి ఎవరూ పిలవలేదు.

నేను నందిగామలో డిగ్రీ చదివాను, లెక్కల్లోనే. ఒక రోజు బస్సు కోసం నిలబడ్డాను. పక్కనే ఒక ఫంక్షన్ హాలు కడుతున్నారు. ద్వారం పైన సిమెంటు ఏనుగులకి ఒక ముసలాయన తొండాలు దిద్దుతున్నాడు. నేను తల తిప్పుకునేలోపు చూసేశారు. నిచ్చెన దిగి, చేతులు పంచెకి తుడుచుకుంటూ వచ్చారు.

"మన యజమాని కాదూ!" అన్నారు. ఆ నవ్వులో ఒక్క పన్ను లేదు. "ఎంతదానివయ్యావు తల్లీ! ఏం చదువుతున్నావు?"

"డిగ్రీ అండీ. మ్యాథ్స్."

ఆయన నవ్వు ఆగిపోయింది. "దేవుడే పంపాడు నిన్ను" అన్నారు. చొక్కా జేబులోంచి ఒక కాగితం తీశారు. మడతల దగ్గర చిల్లులు పడి, నాలుగు ముక్కలుగా విడిపోవడానికి సిద్ధంగా ఉంది. దాని నిండా ఒకే లెక్క. పెన్సిల్‌తో, పెన్నుతో, మళ్లీ పెన్సిల్‌తో. రెండువందల తొంభై తొమ్మిది, ఇంటూ మూడు, బై ఎనిమిది.

"ఎక్కడ తప్పానో చూసి చెప్పమ్మా. అప్పట్నుంచి వేస్తూనే ఉన్నా. ఎన్నిసార్లు వేసినా ఒకటే మిగులుతాంది. తప్పు దొరకట్లా. దొరికితే చాలు, ఇంకేం వద్దు నాకు."

సిమెంటు బస్తా మీద కూర్చుని ఆ లెక్క చూశాను. అర నిమిషం పట్టే లెక్క. పావుగంట చూశాను. ఆయన పక్కన నిలబడి, నా ముఖం వైపు, ఫలితాల బోర్డు వైపు పిల్లలు చూసినట్టు చూస్తున్నారు. ఏ సంగతినైనా ఏనుగంత చేసి చెప్పే నాకు, ఆ పావుగంటలో ఒక్క చిన్న వాక్యం నోట రాలేదు.

"సరిగ్గానే ఉందండీ" అన్నాను.

"ఇంకోసారి చూడు."

చూశాను. "సరిగ్గానే ఉందండీ."

"మరి రాళ్లెందుకు కూర్చోలా?"

బస్సు వచ్చి హారన్ కొట్టింది. ఆయన కాగితం అందుకుని, పాత మడతల్లోనే జాగ్రత్తగా మడిచారు. "పర్లేదులే. నీకే దొరకలేదంటే, తప్పు చాలా లోతున ఉన్నట్టు. ఎక్కు, ఎక్కు, సీటు దొరకదు" అన్నారు.

ఎక్కాను. సీటు దొరికింది, కిటికీ పక్కనే. బస్సు కదిలేటప్పుడు చూస్తే, ఆయన నిచ్చెన ఎక్కలేదు. అదే బస్తా మీద కూర్చుని, కాగితం మోకాలి మీద పరుచుకుని, వేలితో మొదటి అంకె నుంచి మొదలుపెట్టారు.